డైనోసార్ నాణెం కొనాలంటే బ్రిటన్‌దా, ఆస్ట్రియాదా, వెండిదా?

ముందే చెప్పేస్తున్నా. ఇంట్లో డైనోసార్ల పిచ్చి ఉన్న పిల్లలుంటే బ్రిటన్ వాళ్ల యాభై పెన్నీల బిళ్ల కొనండి. చీకట్లో మెరిసేదే కావాలని పట్టుబడితే ఆస్ట్రియా మూడు యూరోలది. వెండిది పెద్దవాళ్లకి, అదీ పెట్టిన డబ్బు మళ్లీ చేతికి రాకపోయినా ఫర్వాలేదు అనుకునేవాళ్లకే. ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకి దొరికే బంగారు పూత టీరెక్స్ బిళ్లలు అసలు నాణేలే కావు, వాటి జోలికి పోకండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతాది ఎందుకో తెలుసుకోవాలనుకునేవాళ్ల కోసం, ముఖ్యంగా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కూర్చుని ఫోన్‌లో ఆర్డర్ పెడదామనుకునేవాళ్ల కోసం.

మన వైపు నాణేలు పోగేసేవాళ్లు లేరని కాదు, బాగానే ఉన్నారు. ముఖలింగం నుంచి ఏలిన తూర్పు గాంగుల బంగారు ఫణాలు చూశారా? అరగ్రాము అటూ ఇటూ తూగే బుల్లి బిళ్లలు, ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు అంకుశం. అలాంటివీ, కుంపిణీ అణాలూ, విక్టోరియా రూపాయలూ వెతికేవాళ్లని డైనోసార్ నాణెం గురించి అడిగితే నవ్వి ఊరుకుంటారు. వాళ్ల లెక్కలో నాణెమంటే సంతలో చేతులు మారినది. ఇవి చేతులు మారవు. టంకశాలలో అచ్చుపడి నేరుగా ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్తాయి. దాని మీద యాభై పెన్నీలనో మూడు యూరోలనో విలువ ఉంటుంది, చట్టప్రకారం చెల్లుతుంది కూడా, కానీ ఎవడూ దాంతో టీ తాగడు. కాబట్టి మీరు డబ్బిచ్చేది నాలుగింటికి: బొమ్మ, లోహం, మెరుగు, ఎన్ని అచ్చేశారన్న లెక్క. నా వరకు వీటిలో మొదటిదే అసలు సంగతి, మిగతా మూడూ అమ్మేవాళ్ల మాటల్లోనే ఎక్కువ వినబడతాయి. ఒక సుఖం మాత్రం ఉంది. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. ఈ కొత్త బిళ్లలకి ఆ టెన్షన్ లేదు, అమెరికాలో ఉన్న మనవడికి పంపినా ఆ చట్టం అడ్డు రాదు.

దేన్ని కొన్నా మొదట చూడాల్సింది ఇది నాణెమా, వట్టి బిళ్లా అని. నాణెం మీద మూడు ఉండాలి: దేశం పేరు (బ్రిటన్‌దైతే దాని బదులు రాణిదో రాజుదో పేరు), విలువ, సంవత్సరం. ఫొటో పెద్దది చేసి రెండు వైపులా చదవండి. ఒకవైపు టీరెక్స్, రెండోవైపు ఇంకో టీరెక్సో, ఏదో పార్కు గేటులాంటి బొమ్మో ఉండి, దేశం పేరు గానీ, రాణి రాజుల పేరు గానీ ఎక్కడా లేకపోతే అది బొమ్మల దుకాణం సరుకు. 'కలెక్టబుల్', 'కమెమొరేటివ్', 'లిమిటెడ్ ఎడిషన్' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అంతే. పేరు, సంవత్సరం దొరికాక న్యూమిస్టా అనే ఆన్‌లైన్ కేటలాగ్‌లో వెతకండి, ఉచితమే, బరువూ సైజూ లోహమూ అక్కడే ఉంటాయి. చేతికొచ్చాక అయస్కాంతం పెట్టి చూడండి. మన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు స్టీలు కాబట్టి అయస్కాంతానికి టక్కున అతుక్కుంటాయి. బ్రిటన్ యాభై పెన్నీలది రాగి, నికెల్ కలిపినది, అతుక్కోదు. వెండీ అతుక్కోదు. వెండి అని అమ్మిన బిళ్ల అయస్కాంతానికి వేలాడితే ఇంక చెప్పేదేముంది, అదే రోజు రిటర్న్ పెట్టేయండి. అతుక్కోనంత మాత్రాన అసలుదని కాదు, ఇత్తడి కూడా అతుక్కోదు. అందుకే కంసాలి దగ్గరున్న చిన్న త్రాసు మీద బరువు కూడా చూసుకోవాలి.

ఇక బ్రిటన్ సంగతి. 2020లో అక్కడి టంకశాల రాయల్ మింట్ వాళ్లు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంతో కలిసి మూడు యాభై పెన్నీల బిళ్లలు తెచ్చారు: మెగలోసారస్, ఇగ్వానోడాన్, హైలియోసారస్. బొమ్మలు వేసింది రాబర్ట్ నికల్స్, ప్రాచీన జంతువులని శాస్త్రం ప్రకారం గీయడమే ఆయన పని. టీరెక్స్ లేదేంటి, ట్రైసెరటాప్స్ లేదేంటి అని పిల్లలు మూతి ముడుస్తారు. కానీ ఈ మూడింటినే ఎంచుకోవడంలో ఒక తెలివి ఉంది. మెగలోసారస్‌కి 1824లో పేరు పెట్టింది బక్‌లాండ్ అనే శాస్త్రవేత్త. ఇగ్వానోడాన్‌కి 1825లో, హైలియోసారస్‌కి 1833లో పేరు పెట్టింది మాంటెల్ అనే డాక్టరు. ఈ మూడు జంతువుల ఎముకలూ పక్కపక్కన పెట్టి చూసి, ఇవన్నీ ఒకే రకం ప్రాణులు అని 1842లో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త 'డైనోసారియా' అన్న పేరు కట్టాడు. అంటే డైనోసార్ అన్న మాట పుట్టిందే ఈ మూడింటి మీద. ఇగ్వానోడాన్ ముక్కు మీద కొమ్ము ఉండేదని మాంటెల్ అనుకున్నాడు, తర్వాత బెల్జియంలో పూర్తి అస్థిపంజరాలు దొరికాక తెలిసింది, అది కొమ్ము కాదు, బొటనవేలు మేకు. ఈ కథ చెప్పి ఆ బిళ్ల చేతిలో పెట్టండి, ఏ టీరెక్స్ బొమ్మకీ రాని ఉత్సాహం వస్తుంది. నాకు ఈ సెట్ నచ్చడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

చేతిలో ఎలా ఉంటుందంటే, ఏడు పలకలు, అంచులు మెత్తగా వంపు తిరిగి ఉంటాయి, అడ్డం 27.3 మిల్లీమీటర్లు, బరువు 8 గ్రాములు. మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు, కాబట్టి సైజు గురించి ఊహించుకోనక్కర్లేదు, జేబులోంచి పది రూపాయలు తీసి చూసుకోండి, అంతే ఉంటుంది. ఫొటోల్లో అరచేయంత కనబడుతుంది, ప్యాకెట్ విప్పాక "ఇంతేనా" అనిపిస్తుంది, ముందే తెలిస్తే మంచిది. విడుదలప్పుడు మామూలు రకం ధర 10 పౌండ్లు, మన డబ్బుల్లో వెయ్యికి అటూ ఇటూ. రంగు వేసినది దాదాపు రెట్టింపు. రంగుది కొనొద్దంటాను నేను. రంగు అచ్చు మీద ముద్రించే పొర, కింద చెక్కిన పొలుసులూ చర్మం ముడతలూ దాని కింద మరుగునపడతాయి. మామూలు బిళ్లని కిటికీ దగ్గర కొంచెం వంచి చూస్తే వెలుతురు ఆ ముడతల మీద పాకుతుంది, అందం అక్కడుంది. అయితే ఆరేడేళ్ల గుంటలకి రంగే ముఖ్యం, అది మీ ఇష్టం. వీటిలోనే ప్రూఫ్ అని వెండిలో, బంగారంలో కూడా వేశారు. ప్రూఫ్ అంటే నేపథ్యం అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు ఉండేలా ప్రత్యేకంగా కొట్టినది. ఒక్క వేలిముద్ర పడితే జన్మలో పోదు. పిల్లల చేతికి ఇచ్చేదైతే 'బ్రిలియంట్ అన్‌సర్క్యులేటెడ్' అన్న రకమే తీసుకోండి, అమ్మేవాళ్లు బీయూ అని పొట్టిగా రాస్తారు.

ఒక చిన్న మెలిక. 2021లో అదే మింట్ మేరీ ఆనింగ్ పేరిట ఇంకో మూడు వేసింది: టెమ్నోడాంటోసారస్, ప్లీసియోసారస్, డైమోర్ఫోడాన్. ఆన్‌లైన్‌లో వీటిని కూడా 'డైనోసార్ సెట్' అనే అమ్ముతారు. కానీ మూడింటిలో ఒక్కటీ డైనోసార్ కాదు. మొదటి రెండూ సముద్రంలో ఈదిన సరీసృపాలు, మూడోది ఎగిరేది. పదేళ్ల పిల్లాడికి ఈ తేడా మనకన్నా బాగా తెలుసు, బహుమతి ఇచ్చి మనమే పాఠం చెప్పించుకోవాల్సి వస్తుంది. అలాగని సెట్ తక్కువదేం కాదు. మేరీ ఆనింగ్ లైమ్ రీజిస్ అనే తీరపు ఊళ్లో కొండ చరియల్లో శిలాజాలు ఏరి అమ్ముకుని బతికిన మనిషి, పెద్ద చదువు లేదు, ఆమె దొరకబట్టినవాటి మీద పెద్దపెద్దవాళ్లు పేపర్లు రాసుకున్నారు. ఆడపిల్లకి ఇచ్చేటట్టయితే నేను ఇదే కొంటాను. 2024లో వచ్చిన మూడో సెట్‌లో టీరెక్స్, స్టెగోసారస్, డిప్లొడోకస్ ఉన్నాయి, పిల్లలు గుర్తుపట్టేవి కావాలంటే అది. మొదటి రెండు సెట్ల వెనకవైపు ఎలిజబెత్ రాణి, ఈ మూడోదానికి చార్లెస్ రాజు. తల బొమ్మల్లో ఈ మార్పు పడటం వల్ల సేకరించేవాళ్లు రాణి ఉన్నవాటిని కొంచెం ఎక్కువ ఇష్టపడతారు గానీ దానికోసం ధర పెంచి అడిగితే ఇవ్వకండి.

ఆస్ట్రియా వాళ్లది వేరే దారి. 2019 చివర్లో మొదలుపెట్టి 2022 దాకా మొత్తం పన్నెండు బిళ్లలు వేశారు, ఒక్కొక్కటి మూడు యూరోలు, మొదటిది స్పైనోసారస్. రాగి నికెల్ మీద రంగు, ఆ రంగు చీకట్లో వెలుగుతుంది. 34 మిల్లీమీటర్లు, 16 గ్రాములు, అంటే పైన చెప్పిన బ్రిటన్ దానికి సరిగ్గా రెట్టింపు బరువు, చేతిలో పెట్టగానే నాణెంలా అనిపించేది ఇదే. వెలుగు దానంతట అది రాదు, ముందు బల్బు కిందో ఎండలోనో కాసేపు పెట్టి ఆ తర్వాత లైటు ఆర్పాలి. కరెంటు పోయిన రాత్రి పిల్లలకి పండగే. కానీ ఇందులో చిక్కు పన్నెండులోనే ఉంది. ఒకటి కొన్నాక ఆల్బమ్‌లో మిగతా పదకొండు గుంతలు ఖాళీగా కనబడుతుంటాయి, టీరెక్స్ లాంటివి విడిగా దొరకాలంటే ఎక్కువ అడుగుతారు, పూర్తి సెట్ మీద ఖర్చు చూసుకుంటే ఫోన్ కొన్నంత పని. ఇందులోనూ సముద్రంలో ఈదిన మోససారస్ లాంటి, డైనోసార్ కాని జీవులు ఉన్నాయి. ఈ మూడు యూరోల బిళ్ల చెల్లేది ఒక్క ఆస్ట్రియాలోనే, పక్కనే ఉన్న జర్మనీలో కూడా చెల్లదు. నా సలహా, ఒకటే కొని ఆపగలను అనుకుంటే కొనండి, ఆపలేని స్వభావమైతే బ్రిటన్ మూడింటితో సరిపెట్టుకోండి.

చీకట్లో మెరిసే ఆలోచన ముందు కెనడాది. 2012లో వాళ్లు పాకిరైనోసారస్ ఉన్న పాతిక సెంట్ల బిళ్ల వేశారు, వెలుతురులో జంతువు కనబడుతుంది, లైటు తీస్తే లోపలి అస్థిపంజరం వెలుగుతుంది. ఆలోచన పరంగా ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. కానీ వేసినవి 25,000 మాత్రమే, ఇప్పుడు మొదటి ధరకి దొరకదు, మన దగ్గరకి తెప్పించుకోవడం ఇంకా కష్టం. ఎవరైనా బంధువులు టొరంటో నుంచి వస్తూ అక్కడి షాపులో చూస్తానంటే సరే, లేకపోతే వదిలేయండి.

వెండి వాటి దగ్గరకి వస్తే కొంచెం గట్టిగానే మాట్లాడాలి. మార్కెట్లో ఉన్న వెండి డైనోసార్ నాణేల్లో చాలావాటి మీద నియూ, టువాలు లాంటి పసిఫిక్ ద్వీపాల పేర్లుంటాయి. నియూ జనాభా రెండు వేలు కూడా ఉండదు, మన బొబ్బిలి పక్క పల్లెల్లో కొన్నింటికి అంతకన్నా ఎక్కువ. అక్కడ వాడేది న్యూజిలాండ్ డాలరు. వేరే దేశాల్లోని మింట్లు ఆ ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకుని, ఫీజు కట్టి, దాని పేరుతో నాణెం కొడతాయి. మోసం కాదు, చట్టబద్ధమే, వెండి కూడా అసలైనదే. కానీ ఆ దీవిలో ఉన్నవాళ్లు ఆ నాణెం మొహం చూసి ఉండరు. మామూలుగా ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాముల వెండి ఉంటుంది. దానికి రంగు, రాయి పొదగడం, చెక్క డబ్బా, సర్టిఫికెట్ అన్నీ కలిపి వెండి విలువకి రెండింతలు, మూడింతలు, ఒక్కోసారి ఇంకా పైన అడుగుతారు.

ఇప్పుడు అది పట్టుకుని విజయనగరం గంటస్తంభం దగ్గరో, శ్రీకాకుళం బజార్లోనో ఒక వెండి కొట్టుకి వెళ్లారనుకోండి. "ఏటండీ ఇది, ఏ దేశందీ" అని అటూ ఇటూ తిప్పుతాడు, త్రాసులో వేస్తాడు, తరుగు తీసేసి గ్రాము లెక్క చెప్తాడు. బొమ్మకి పైసా రాదు. అడిగేలోపే గీటురాయి మీద ఒక గీత లాగేస్తాడు, అక్కడితో సేకరణ విలువ కూడా సున్నా. ఆయన తప్పేం లేదు, ఆయన కొనేది వెండి. వెండి పెరుగుతుందని నమ్మితే అదే కొట్లో వెండి కడ్డీయో, వెండి గిన్నో కొనుక్కోండి, తక్కువలో ఎక్కువ గ్రాములొస్తాయి. వెండి డైనోసార్ కొనడానికి ఒకే ఒక్క మంచి కారణం, ఆ బొమ్మ మీకు చూస్తూ ఉండిపోవాలనిపించడం. అలా అనిపిస్తే రంగులూ రాళ్లూ లేని సాదా వెండిది ఎంచుకోండి, అమ్మాల్సి వచ్చినా కనీసం తక్కువ పోతుంది.

నిజానికి నాకు కావాల్సిన నాణెం, మన దేశపు డైనోసార్ ఉన్నది, ఏ దేశం జాబితాలోనూ కనబడలేదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్, దాదాపు తొమ్మిది మీటర్ల పొడవు, 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు దానికి పేరు పెట్టారు, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో అస్థిపంజరం నిలబెట్టి ఉంది. గుజరాత్ రాజసారస్ ఉంది, కోల్‌కతాలో నిలబెట్టిన బారాపాసారస్ టాగోరై ఉంది, ఠాగూర్ పేరు పెట్టుకున్న డైనోసార్. ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని మనం వియన్నా నుంచి తెప్పించుకుంటున్నాం. మన టంకశాలలు ఎప్పుడైనా కోటాసారస్ మీద పది రూపాయల బిళ్ల వేస్తే ఈ పోలికలన్నీ పక్కనపెట్టి అదొక్కటే కొనమంటాను. ప్రస్తుతానికి పిల్లల్ని ఒకసారి హైదరాబాద్ తీసుకెళ్లి ఆ అస్థిపంజరం కింద నిలబెట్టండి, ఒక వెండి నాణెం ఖర్చులో రైలు టికెట్లన్నీ వచ్చేస్తాయి.

తెప్పించుకునే దారులు. విదేశీ సైట్‌లో కనబడే ధర సగం కథే. షిప్పింగ్, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ, కొరియర్ వాళ్ల క్లియరెన్స్ చార్జీ కలిసి పది పౌండ్ల బిళ్లని ఎక్కడికో తీసుకెళ్తాయి. ఒక్కో బిళ్ల విడిగా తెప్పించడం దండగ, మూడూ ఒకే పార్శిల్‌లో వస్తేనే గిట్టుబాటు. బహుమతి అని రాయిస్తే పన్ను పడదనే మాట ఇంకా తిరుగుతోంది, నమ్మకండి, 2019 డిసెంబరు నుంచి రాఖీలకీ ప్రాణాధార మందులకీ తప్ప ఆ వెసులుబాటు తీసేశారు. మన జిల్లాల్లో ఇంటికొకరు బయటి దేశాల్లో ఉన్నారు కదా, లండన్ నుంచి వచ్చే మేనల్లుడి బ్యాగులో యాభై పెన్నీల బిళ్లలు మూడు రావడం అన్నిటికన్నా హాయి. వెండి, బంగారం నాణేలు మాత్రం అలా తెమ్మనకండి, అవి ఆభరణాలు కావు కాబట్టి ప్రయాణికుల డ్యూటీ ఫ్రీ లెక్కలోకి రావు, విమానాశ్రయంలో ఆ పిల్లాడు ఇరుక్కుంటాడు. ఇక్కడి డీలర్ల దగ్గర కొంటే ధర కొంచెం ఎక్కువే గానీ చేత్తో పట్టి చూసి కొంటారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో నాణేల ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు వెళ్లి, ఆఖరి రోజు మధ్యాహ్నం బేరమాడండి.

డీలర్లు గ్రేడింగ్ అని ఒకటి చూపిస్తారు, ఎన్‌జీసీ, పీసీజీఎస్ అనే అమెరికా సంస్థలు నాణేన్ని పరీక్షించి గట్టి ప్లాస్టిక్ పలకలో మూసేసి 70కి ఇన్ని మార్కులని వేస్తాయి. పాత నాణేలకి అది అవసరమే. నిన్నగాక మొన్న మింట్ నుంచి వచ్చిన బిళ్లకి 69, 70 రావడంలో వింతేముంది? ఆ లేబుల్‌కి అదనంగా డబ్బివ్వకండి.

కొన్నాక దాచడం మన వైపు పెద్ద పనే. కళింగపట్నం, భావనపాడు పక్క ఇళ్లలో ఉప్పుగాలికి గేటు తాళాలే తుప్పెక్కుతాయి, నాణెం ఎంత. బిళ్లని దాని క్యాప్సూల్‌లోంచి తీయకండి, తీసినా అంచులు పట్టుకోండి. కొత్త రెక్సిన్ వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే కొన్నాళ్లకి ఆకుపచ్చ జిగురు పడుతుంది, గట్టిగా చప్పుడయ్యే మైలార్ కవర్లు అడగండి. వెండిది దేవుడి గదిలో పెట్టొద్దు, కర్పూరం పొగకి నల్లబడుతుంది. రబ్బరు బ్యాండు చుట్టినా అంతే, అందులో గంధకం ఉంటుంది. బీరువాలో కలరా ఉండల పక్కన కూడా వద్దు, ఆ ఆవిరికి క్యాప్సూల్ ప్లాస్టిక్ మసకబారుతుంది. మందు సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసి, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టి, పై అరలో ఉంచండి. తిత్లీ తుఫాను లాంటిది మళ్లీ వస్తే నీళ్లు ముందు కింది అరల్లోకే వస్తాయి.

నల్లబడింది కదా అని బుడితి ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమారా, దాని పని అయిపోయినట్టే. మెరుపు వస్తుంది, కానీ ఆ మెరుపు నిండా సన్నటి గీతలుంటాయి, భూతద్దం పెడితే దేశంలో ఏ డీలరైనా కనిపెట్టేస్తాడు. రంగుదైతే రంగే ఊడొస్తుంది. మాసినదాన్ని అలాగే ఉంచడమే మేలు.

కవరు, అట్ట, సర్టిఫికెట్, బిల్లు ఏదీ పారేయకండి. రేపు ఎవరికైనా ఇచ్చేయాలనుకున్నా, అమ్మాలనుకున్నా సెట్‌గానే ఇవ్వండి. మూడింటిలో ఒకటి తప్పిపోతే మిగిలిన రెండింటినీ పూర్తి ధరకి అడిగేవాళ్లు దొరకరు.